మోటారు ఛత్రీ ఎక్కించిన ఖలాసీ

మావారు రామచంద్రరావుగారు రిటైరయ్యాక చేసిన పనుల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. అన్నిటికన్నా నచ్చనిది మోటారు ఛత్రీ కొనడం. ఇలా రాశానని తెలిస్తే ఆయనకి కోపం వస్తుంది. రానీండి. ముప్ఫయి నాలుగేళ్లు ఉక్కు ప్లాంట్‌లో ప్లానింగ్ సెక్షన్లో కూర్చుని గీతలు గీశారు గానీ, చేత్తో ఒక్క బోల్టు బిగించిన పాపాన పోలేదు. నేనేమో సెక్టర్ 4 బడిలో పాతికేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఎవరికి ఎంత వచ్చో మొహం చూసి చెప్పేస్తాను.

భిలాయిలో డిష్‌ని డిష్ అనేవాళ్లు తక్కువ. ఛత్రీ అంటారు, అంటే గొడుగు. పోయిన ఫిబ్రవరిలో నాలుగడుగుల ఛత్రీ ఒకటి, ఇంత లావు మోటారు ఒకటి, అట్టపెట్టెల్లో దిగాయి.

"ఇదేమిటండీ? ఉన్న ఛత్రీకేం రోగం?" అన్నాను.

"ఉన్నది ఒక్క ఉపగ్రహాన్నే చూస్తుంది ఛాయా. ఇది మోటారుతో తూర్పు నుంచి పడమరకి తిరుగుతుంది. ఆకాశంలో వరసగా ఉన్న ఉపగ్రహాలన్నిటినీ ఒకదాని తరవాత ఒకటి పట్టుకుంటుంది. అరబ్బీ వార్తలు, చైనా వంటలు, రష్యా డాన్సులు, అన్నీ చూడొచ్చు!"

"చైనా వంటలు చూసి మీరేం చేస్తారు? కాఫీ పెట్టడం రాదు."

ఆయన వినిపించుకోలేదు. కాయితాలు చదివి, మేస్త్రీని పిలిపించి మేడ మీద ఇనప స్తంభం ఒకటి నిలబెట్టించారు. అక్కడితో విద్య అయిపోయింది. వారం రోజులు ఛత్రీ మా హాల్లో గోడకి చేరబడి నన్ను చూస్తూ కూర్చుంది. చుట్టుపక్కల ఛత్రీలు పెట్టేవాళ్లు వచ్చి మోటారు చూసి, "యే హమ్‌సే నహీ హోగా ఆంటీ", మా వల్ల కాదని టీ తాగి వెళ్లిపోయారు. చివరికి నేనే అన్నాను, నరసింగరావుని పిలవండి అని.

నరసింగరావు గురించి చెప్పాలి. ప్లాంట్‌లో ఖలాసీగా చేశాడు. ఖలాసీ అంటే బరువులెత్తించేవాడు. క్రేన్ కొక్కేనికి గొలుసులు తగిలించి, కింద నిలబడి, పైనున్న క్రేన్ డ్రైవరుకి ఎత్తు, దించు, ఆపు అని చేతులతో సైగలు చేస్తాడు. పాలకొండ దగ్గర పల్లె నుంచి పంతొమ్మిదో ఏట మేనమామ వెంట రైలెక్కి వచ్చి, నలభై ఏళ్లు అదే పని చేశాడు. ఆయన ఎత్తించిన బరువు ఒక్కటీ జారి పడలేదని మావారు కూడా ఒప్పుకుంటారు. మావారు ఇంకొకరి పని మెచ్చుకున్నారంటే అది రాసిపెట్టుకోవాల్సిన మాటే.

మనిషి సన్నగా, పొట్టిగా, మీసం మాత్రం ఇద్దరికి సరిపోయేంత. చొక్కా మీద ఖాకీ గుడ్డతో కుట్టిన నడుం బెల్టు, దానికి పెద్ద ఉక్కు కొక్కెం, రెండు స్పానర్లు. ఎత్తు మీద పనిచేసేటప్పుడు ఆ కొక్కెం దేనికైనా తగిలించుకుంటాడు. కింద ఉన్నప్పుడూ విప్పడు. మా బడిలో పనిచేసిన శ్రీలక్ష్మిగారి అమ్మాయి పెళ్లిలో పట్టుచొక్కా మీద కూడా బెల్టుతో కూర్చున్నాడు, నా కళ్లారా చూశాను. రిటైరయిన ఈ మూడేళ్లలో సెక్టర్ 6లో సగం ఛత్రీలు ఆయన చేతి మీదే నిలబడ్డాయి. సైకిలెక్కి వెళ్లి, మేడెక్కి, ఛత్రీ తిప్పి, కాఫీ ఇస్తే తాగి వచ్చేస్తాడు.

పని మర్నాడనగా ఆయన భార్య తులసమ్మ మా ఇంటికి వచ్చింది. జాముల్ రోడ్డులో ఉంది మా ఇల్లు, వాళ్లుండే సెక్టర్ 6 నుంచి కాస్త దూరమే. ఆటో దిగి, గేటు తీసి, లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చుంది.

"ఛాయమ్మగారూ, రేపు మా ఇంటాయన మీ మేడెక్కుతున్నాడు కదా. ఇదే ఆకరి మేడని సెప్పీసేను."

"అయ్యో, ఏం? పడ్డాడా?"

"పడనేదు. పడతాడని నా భయం. అరవై మూడొచ్చీసేయి. మూడేళ్లబట్టి ఏ పూట సూసినా ఎవులి మేడ మీదో ఉంటాడు. మానీమంటే బతిమాలుకున్నాడు. ఈ మోటారుది ఎప్పుడూ ఎక్కించనేదట. ఇది ఏ తప్పూ నేకుండా ఎక్కిస్తే మేడల జోలికి నన్ను రావొద్దన్నాడు. తప్పు జరిగితే బెల్టు నా సేతికిచ్చీసి ఇంట్లో కూకుంటానన్నాడు. ఒప్పుకున్నాను. రేపు ఐదింటికొస్తాను. మీరు మేస్టరమ్మ, అబద్ధం సెప్పరు. ఎలగ సేసేడో మీరే సెప్పాల."

నన్ను జడ్జిని చేసి కూర్చోబెట్టింది. కాఫీ తాగమంటే వద్దని ఆటో ఎక్కేసింది. నాకు ఒళ్లు మండింది, మొగుడూ పెళ్లాల పందెంలో నన్నెందుకు ఇరికించడం? కానీ రాత్రంతా ఆలోచిస్తే నరసింగరావు మీద జాలేసింది. మేడెక్కొద్దంటే ఆ మనిషి ఏం చేస్తాడు పాపం?

పొద్దున్న ఎనిమిదింటికే వచ్చేశాడు. సైకిలు గోడకి ఆనించి, "నమస్కారం అమ్మగారూ" అని నా మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు. అంత శ్రద్ధగా నా మాట వినే మగవాడు నాకు ఈ వయసులో దొరికాడే అనుకున్నాను.

మోటారు ఛత్రీకి మామూలు ఛత్రీకి ఉన్న తేడా ఏమిటంటే, స్తంభం నిట్టనిలువుగా ఉండాలి, మోటారు మధ్య గుర్తు సరిగ్గా దక్షిణం చూడాలి. ఈ రెండూ కుదిరితే దక్షిణాన ఉన్న ఉపగ్రహం ఒక్కటి దొరికించుకుంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే వరసలోకి వస్తాయి. కొంచెం తప్పిందా, ఒకటి దొరికితే ఇంకొకటి దొరకదు. నరసింగరావు రసమట్టం పెట్టి చూసి, "సార్, స్తంభం వాలింది" అన్నాడు. మావారు పెట్టించిన స్తంభం! నేను పమిట అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. కింది బోల్టులు వదులు చేసి, సన్నటి రేకు ముక్కలు దూర్చి, అరగంటలో నిలబెట్టేశాడు.

ఇక దక్షిణం. మావారు ఫోన్ తీశారు, అందులో దిక్సూచి ఉంది కదా మరి. స్తంభం దగ్గర పెడితే దక్షిణం జామచెట్టు వైపు ఉంది. రెండడుగులు జరిగితే రోడ్డు మీదకి వెళ్లింది. నీళ్ల ట్యాంకు దగ్గరకొస్తే పక్కింటి సూర్యప్రకాష్‌గారి బాత్‌రూం కిటికీలోకి దూరింది. మావారికి చెమటలు పట్టేశాయి. తప్పు ఫోన్‌ది కాదు. ఈయనకి ఉక్కంటే ఎంత ప్రేమంటే, మా ఇంట్లో మెట్లు ఉక్కు, రెయిలింగు ఉక్కు, ట్యాంకు కింద స్టాండు ఉక్కు, నేను కూర్చునే ఉయ్యాల కూడా ఉక్కే. సూది ఎటు చూడాలో తెలియక కొట్టుకుంటోంది.

"ఇంత ఉక్కు నడమ ముల్లుకి మతేటి ఉంటాది సార్" అన్నాడు నరసింగరావు.

మావారు పట్టుదలగా ఫోన్ పట్టుకుని ఆయన దగ్గరికెళ్లారు. సూది గిర్రున తిరిగి ఆయన నడుం బెల్టు కొక్కెం వైపు చూసింది.

"ఇంకేం, దక్షిణం మీ దగ్గరే ఉందిట నరసింగరావుగారూ!" అన్నాను.

ఆయన నా వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నవ్వాడు. ఫోన్ వద్దని, సుద్దముక్క అడిగాడు. స్తంభం చుట్టూ తాడుతో కొలిచి గుండ్రంగా గీత గీశాడు. పదీపావుకి స్తంభం నీడ కొస ఆ గీతని తాకింది, అక్కడ గుర్తు పెట్టాడు. మధ్యాహ్నం నీడ చిన్నదై, మళ్లీ పెరిగి అటుపక్క గీతని తాకినప్పుడు ఇంకో గుర్తు పెడతాడట. రెండు గుర్తుల నడిమి బిందువు నుంచి స్తంభం మొదటికి గీత గీస్తే అదే ఉత్తర దక్షిణం. సూర్యుడికి ఉక్కుతో పనిలేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, వృత్తం లెక్క నేను ఎన్ని వందల మందికి చెప్పానో, ఒక్కడూ ఇలా వాడగా చూడలేదు. మావారు మాత్రం ఫోన్ని జేబులో పెట్టుకుని, "నేనూ అదే అనుకుంటున్నా" అన్నారు.

రెండో గుర్తుకి నాలుగు గంటలు ఆగాలి. భోజనానికి కూర్చోబెట్టాను. వంటింట్లోంచి "పప్పులోకి నెయ్యి వెయ్యనా?" అని రెండుసార్లు అడిగాను. పలకలేదు. మొహమాటం అనుకుని రెండు చెంచాలు వేసి తెచ్చాను. ఎదురుగా కూర్చుని అడిగితే మాత్రం చక్కగా కబుర్లు చెప్పాడు. ప్లాంట్‌లో క్రేన్ కింద నోటి మాట పనికి రాదట, ఆ హోరులో ఎవరికీ ఏదీ వినబడదట. అన్నీ చేతులే. ఎత్తమంటే చూపుడువేలు పైకి పెట్టి తిప్పాలి, దాన్ని హాబీస్ అంటారు. దించమంటే అరచెయ్యి కిందకి, అది ఆరియా. పక్కకి తిప్పమంటే చెయ్యి చాచి ఆ వైపు చూపించాలి. గోరంత కదపమంటే బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా. పిడికిలి బిగిస్తే ఆపెయ్యమని.

"పది మంది పది మాటలు సెప్పకూడదమ్మగారూ. ఒక్కడే సైగ సెయ్యాల. ఆ ఒక్కడి సేతులే సూడాల" అన్నాడు.

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. ఇలాంటి మనిషిని ఇంట్లో కూర్చోమంటుందా తులసమ్మ, బుద్ధి లేకపోతే సరి, అనుకున్నాను. ఐదింటికి ఏం చెప్పాలో అప్పుడే నిర్ణయించేసుకున్నాను.

రెండూ ఇరవైకి నీడ అటుపక్క గీత తాకింది. గీత గీశాడు. మోటారుని, దాని మీద ఛత్రీని స్తంభానికెక్కించి, ఆ గీత వెంబడి నిలబెట్టాడు. ఇక గోరంత అటూ ఇటూ తిప్పుతూ సిగ్నల్ పట్టాలి. టీవీ కింద హాల్లో ఉంది. తెర మీద రెండు పట్టీలు కనిపిస్తాయి, క్వాలిటీ అన్న పట్టీ నిండితే ఛత్రీ సరిగ్గా చూస్తున్నట్టు.

నేను హాల్లో నుంచి అరవడం మొదలుపెట్టాను. "వచ్చింది! కొంచెం వచ్చింది! పోయింది! వెనక్కి తిప్పండి!" పైన ఛత్రీ తన దారిన తాను తిరుగుతూనే ఉంది. బడిలో అరుపులకి పేరు మోసిన గొంతు నాది, అయినా లాభం లేదు. మావారు పెరట్లోకెళ్లి, పైకి ఫోన్ చూపించి, ఇందులో మాట్లాడదామన్నారు. నరసింగరావు పిట్టగోడ మీంచి తొంగి చూసి, "ఫోను దగ్గరుంటే సిగ్నలు పాడైపోతాది సార్" అన్నాడు. అలా ఏమీ లేదని మావారు కాయితాలు చూపిస్తానంటే, "సేతులతో సెప్పండమ్మగారూ, మా ప్లాంట్‌లో లాగ" అన్నాడు. పనిమీద గర్వం కాబోలు అనుకున్నాను.

టీవీని గుమ్మం దగ్గరికి జరిపాం. నేను పెరట్లో జామచెట్టు కింద నిలబడ్డాను. అక్కణ్ణించి తెరా కనిపిస్తుంది, మేడ మీద ఆయనా కనిపిస్తాడు. అరవై ఏళ్ల మనిషిని, చీర కుచ్చిళ్లు దోపుకుని, రెండు చేతులూ గాల్లో పెట్టి హాబీస్, ఆరియా మొదలెట్టాను. కూరగాయల బండి రాజేంద్ర గేటు బయట ఆగి, "కా హోగే దాయీ?" అని కంగారుగా అడిగాడు. ఏమీ కాలేదు, నువ్వెళ్లు అన్నాను. సూర్యప్రకాష్‌గారు కిటికీ తెరిచి, "యోగా అచ్ఛా హై భాభీజీ" అని మూసేశారు.

కానీ ఏం చెప్పను, ఆ అరగంట నా జీవితంలో మహా బాగా గడిచింది. నేను వేలు గోరంత కదిపితే పైన ఛత్రీ గోరంత కదిలేది. పట్టీ ముప్ఫయి అయింది, నలభై అయింది. కొంచెం ఎత్తమన్నాను, యాభై ఐదు. ఇటు చూపించాను, అరవై ఎనిమిది. ఇంకాస్త, డెబ్బయి రెండు! పిడికిలి బిగించేశాను. ఆయన చేతులు అక్కడికక్కడ ఆగిపోయాయి. తెర మీద ఎవరో అమ్మాయి వార్తలు చదవడం మొదలెట్టింది. నేను పెరట్లో గంతు వేశానంటే నమ్మండి.

అప్పుడు చేశారండీ మావారు ఘనకార్యం. నరసింగరావు పిట్టగోడ పక్కన, బెల్టు కొక్కెం ట్యాంకు స్టాండుకి తగిలించుకుని, మాకు వీపు పెట్టి కూర్చుని కింది నట్లు బిగిస్తున్నాడు. హాల్లో ఈయనకి ఆత్రం ఆగలేదు. నాకు ఒక్క మాట చెప్పకుండా రిమోట్ తీసుకుని పడమటి ఉపగ్రహం నొక్కేశారు. ఛత్రీ తిరగడం మొదలెట్టింది. మెల్లగానే, కానీ దాని అంచు తిన్నగా నరసింగరావు తల వైపే వస్తోంది.

"నరసింగరావుగారూ, జరగండి!" అని అరిచాను. "జరగండి! నరసింగరావ్!" మూడోసారి నా గొంతు చిరిగిపోయింది. మనిషి కదల్లేదు, తల కూడా తిప్పలేదు. రేకు అంచు చెవి పక్కన తగిలింది. ఆయన ఉలిక్కిపడి పక్కకి ఒరిగాడు, కొక్కెం పట్టి ఉంచింది. చేతిలో స్పానరు మాత్రం ఎగిరి వచ్చి నా కాలికి జానెడు దూరంలో పడింది.

ఎలా ఎక్కానో తెలీదు ఆ మెట్లు. ఛత్రీ ఆగింది, మావారు వెనకే పరిగెత్తుకొస్తున్నారు. నరసింగరావుకి దెబ్బ పెద్దది కాదు, కణత మీద గీరుకుంది అంతే. అది చూశాక నా భయమంతా కోపమైపోయింది.

"గొంతు పగిలేలా అరుస్తున్నాను కదా! మీకేమైనా చెవుడా?"

నాకు కోపం వస్తే నోట్లోంచి ఇలాంటివే వస్తాయి. ఎవరికైనా అనే మాటే. కానీ నరసింగరావు నా పెదవుల వైపు చూసి, తల దించుకున్నాడు.

"అవునమ్మగారూ" అన్నాడు.

నేను ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను.

"మూడేళ్లయింది. ఎదురుగుండా మొకం కనబడితే నోరు సూసి తెలుసుకుంటాను. ఎనక నుంచి ఇనబడదు. ప్లాంట్‌లో ఎవులం మాటాడుకోం కదా, అన్నీ సేతులే, అక్కడ నాకు తెలీనేదు. రిటైరయి ఇంటికొచ్చేకే తెలిసింది. డాక్టరుకి సూపించుకున్నాను. వొయసుతో వొచ్చిందన్నాడు. సెవి మిషను పెట్టుకోమన్నాడు."

"మరి పెట్టుకోవచ్చు కదా!"

"పెట్టుకుంటే తెలిసిపోతాది కదమ్మా. సెవిటోడిని మేడెవులు ఎక్కనిస్తారు? మేడ మీదయితే నాకు ఏ లోటూ తెలీదు. అక్కడెవులూ మాటాడరు. ఇంట్లో ఐతే నానొట్టి గోడని." చేతులు జోడించాడు. "తులసికి సెప్పకండి అమ్మగారూ. సెప్తే నా మేడ పోతాది."

నాకు ఏడుపొచ్చింది. పసుపు తెచ్చి కణత మీద పెట్టాను, చెప్పనని మాటివ్వలేదు. పని మాత్రం ఆపలేదాయన. మిగిలిన నట్లు బిగించాడు. నేను మళ్లీ పెరట్లో నిలబడ్డాను. ఈసారి మావారి చేతిలోంచి రిమోట్ లాక్కుని నా కొంగుకి ముడేసుకున్నాను. పడమర చివరి ఉపగ్రహం వచ్చింది. తూర్పు చివరిదీ వచ్చింది. మధ్యలో ఒక్కటి తప్పలేదు. చైనా వంటలు కూడా వచ్చాయి, ఎవరో పెద్దాయన నూడుల్స్ గాల్లోకి విసురుతున్నాడు. మావారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం గోడ మీద గడియారం తప్ప ఏదీ కనబడలేదు. నాలుగూ నలభై.

ఏం చెప్పాలి ఆవిడకి? ఛత్రీ బ్రహ్మాండంగా కుదిరింది, అది నిజమే. ఆ ఒక్క నిజమే చెప్పి ఊరుకుంటే ఆయనకి మేడ దక్కుతుంది. కానీ రేపు ఇంకో మేడ మీద ఇంకొకరు అరుస్తారు, అక్కడ కొక్కెం తగిలించడానికి ఏమీ ఉండదు. మొత్తం నిజం చెబితే ఒక మనిషి గుండె నేనే కోసినట్టు. "మీరేమంటారు?" అని మావారిని అడిగాను. "ఇది నీ సబ్జెక్టు" అన్నారు. చూశారా, ఎంత సాయమో!

తులసమ్మ ఐదింటికి సరిగ్గా గేటు తీసింది. నరసింగరావు అప్పటికి ఉయ్యాల పక్కన కింద కూర్చుని టీ తాగుతున్నాడు, అటు తిరిగి. ఆవిడ ఆయన వైపు చూసింది, పిలవలేదు. నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది.

"ఎలగ సేసేడమ్మగారూ?"

"ముందు నాకో మాట చెప్పు తులసమ్మా. పడిపోతాడనేనా నీ భయం?"

ఆవిడ కాసేపు గట్టు మీద ఉన్న గ్లాసుని అటూ ఇటూ జరిపింది.

"అదీ ఉంది. కానీ నిజం సెప్పాలంటే, ఆయనకి నా మొకం మొత్తీసిందమ్మగారూ. నలభై ఏళ్లు డ్యూటీలని తిరిగేడు, రిటైరయితే ఇద్దరం కూకుని మాటాడుకుంటాం అని నేనెంత ఆశపడ్డాను! రిటైరయిన కాణ్ణించీ నాతో మాటల్నేవు. ఎనక నుంచి పిలిస్తే ఉలకడు. వొంటింట్లోంచి అడిగితే పలకడు. రాత్రి లైటు ఆర్పీసేక ఏవేవో సెప్పుకుంటాను, ఊఁ అని కూడా అనడు. తెల్లారితే బెల్టు కట్టుకుని ఎవులి మేడకో పోతాడు. మేడల మీద ఉన్న ఇష్టం నా మీద నేదు. అందుకే ఆ మేడలే నేకుండా సేద్దామనుకున్నాను."

కళ్లు తుడుచుకుంది. నా చెయ్యి దానంతటదే ఆవిడ భుజం మీదకి వెళ్లింది. ఇంక ఆలోచించలేదు.

"తులసమ్మా, ఆయనకి చెవుడు. మూడేళ్లుగా వినబడదు. నీకు తెలిస్తే మేడెక్కనివ్వవని దాచిపెట్టాడు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"సెవుడా?" అంది. మళ్లీ, "సెవుడేనా? నిజంగానా అమ్మగారూ?" అంది. "ఓలమ్మో! సెవుడే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు, రెండూ కలిసే వచ్చాయి. మొగుడికి చెవుడని తెలిసి అంత సంతోషపడిన ఆడదాన్ని నేను చూడలేదు.

గబగబా బయటికి వెళ్లింది. ఆయన ఎదురుగా, నేల మీద మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఆయన ఆవిడ మొహం చూసి, నా మొహం చూసి, నేను చెప్పేశానని తెలుసుకున్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, బెల్టు విప్పి, స్పానర్లతో సహా ఆవిడ ఒళ్లో పెట్టేశాడు. నేను మొహం తిప్పేసుకున్నాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

"నానోడిపోయేను. అలాగే, ఇంట్లోనే కూకుంటాను" అన్నాడు.

తులసమ్మ ఆ బెల్టు చేత్తో పట్టుకుని, అక్షరం అక్షరం విడగొడుతూ, పెదవులు పెద్దగా తెరిచి అడిగింది. "నా మీద కోపం నేదా?"

"నీ మీద కోపమేటే?"

"రాత్రుళ్లు లైటు ఆర్పీసేక ఎన్ని అడిగేను! ఒక్కదానికీ పలకనేదే?"

నరసింగరావు ఆవిడ వైపు ఆశ్చర్యంగా చూశాడు. "లైటు ఆర్పీసేక నువ్వు మాటాడతావా?" అన్నాడు. "లైటు ఆర్పీస్తే నీ నోరు కనబడదు కదే తులసీ."

ఆవిడ ఏడ్చేసింది. మావారు ఎందుకో ట్యాంకు చూసొస్తానని మేడెక్కి వెళ్లిపోయారు.

కాసేపటికి తులసమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, బెల్టు తీసి ఆయన నడుముకి తానే కట్టింది. కొక్కెం సరిగ్గా పడిందో లేదో లాగి చూసింది కూడా.

"రేపు డాక్టరు దగ్గరికెళ్లి సెవి మిషను తెచ్చుకుంటాం. అది సెవిలో ఉంటేనే మేడ. ఎక్కిన ప్రతిసారీ కింద నేనుంటాను. ఆ సైగలేవో నాకూ నేర్పు" అంది.

ఆయన గబగబా తలూపాడు. నాకైతే ఇద్దరినీ కావిలించుకోవాలనిపించింది. సైగలు నేను నేర్పిస్తాను, ఆయన కన్నా బాగా వచ్చు అన్నాను. ఎవరూ నన్ను పట్టించుకోలేదు.

"ఇయ్యాల్నించి లైటు ఆర్పను" అంది తులసమ్మ, ఆయన మొహంలోకి చూస్తూ. "నిద్దర పట్టనేదని నన్ననకు."

"పడుకోవాలని ఇక్కడెవులన్నారే?" అన్నాడు నరసింగరావు.